చిన్న బోర్డుకు బక్ చిప్ ఎంపిక: డేటాషీట్ మొదటి పేజీ దాటాక మొదలయ్యే లెక్కలు

ఇన్‌పుట్ 12 వోల్టులు, అవుట్‌పుట్ 3.3 వోల్టులు, లోడు 2 ఆంపియర్లు. విడిభాగాలు అమ్మే ఏ సైటులోనైనా ఈ మూడు అంకెలతో వడపోస్తే వందల కొద్దీ బక్ చిప్‌లు, అంటే వోల్టేజిని దించే స్టెప్-డౌన్ కన్వర్టర్ చిప్‌లు మిగులుతాయి. దాదాపు ప్రతి డేటాషీటూ మొదటి పేజీలోనే 90 శాతం దాటిన సామర్థ్యాన్ని, రెండు మూడు ఆంపియర్ల కరెంటును, గోరంత ప్యాకేజీని చూపిస్తుంది. ఆ అంకెలు అబద్ధం కావు. అయితే అవి చిప్‌కు బాగా కలిసొచ్చే పరిస్థితిలో కొలిచినవి: 25 డిగ్రీల గది, రాగి పుష్కలంగా ఉన్న పరీక్ష బోర్డు, పెద్ద ఇండక్టరు, ఇన్‌పుట్‌కూ అవుట్‌పుట్‌కూ మధ్య కొద్దిపాటి తేడా. చిన్న పరికరంలో ఏ చిప్ నిలబడుతుందో తేల్చేవి అంచులు. ఇన్‌పుట్ అత్యధికంగా ఉన్నప్పుడు, అత్యల్పంగా ఉన్నప్పుడు, పెట్టె లోపల బాగా వేడెక్కినప్పుడు, లోడు దాదాపు సున్నాకు పడిపోయినప్పుడు ఏం జరుగుతుందో లెక్క కడితే వందల పేర్లు నాలుగైదుకు దిగుతాయి.

అసలు బక్ కన్వర్టరే కావాలా అన్నది ముందుగా తేల్చుకోవాలి. లీనియర్ రెగ్యులేటరు తేడా వోల్టేజినంతా వేడిగా మారుస్తుంది. 12 నుంచి 3.3కు 1 ఆంపియరు ఇవ్వాలంటే 8.7 వాట్ల వేడి పుడుతుంది, చిన్న పెట్టెలో అది అసాధ్యం. అదే 5 నుంచి 3.3కు 50 మిల్లీ ఆంపియర్లయితే 85 మిల్లీవాట్లే. అక్కడ రెండు కెపాసిటర్లతో ముగిసే లీనియర్ చిప్ చవక, చిన్నది, స్విచింగ్ రొద లేనిది. వేడి పావు వాటు లోపు ఉండి, బ్యాటరీ ఆదా సమస్య లేకపోతే బక్ జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇన్‌పుట్: పైనా కిందా

అడాప్టరు మీద 12 వోల్టులని రాసి ఉంటే చిప్ కాళ్ల దగ్గర ఎప్పుడూ 12 వోల్టులే ఉంటాయనుకోవడం బోర్డులు పోవడానికి చాలా తరచుగా కనిపించే కారణం. ఇప్పటి బోర్డుల్లో ఇన్‌పుట్ వైపు సిరామిక్ కెపాసిటర్లు వాడతారు. వాటికి అంతర్గత నిరోధం దాదాపు లేదు. మీటరు పొడవు తీగకు సుమారు 1 మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. కరెంటు ఉన్న ప్లగ్గును సాకెట్లో గుచ్చగానే ఈ రెండూ కలిసి ఊగుతాయి, ఆ ఊపులో వోల్టేజి దాదాపు రెట్టింపు దాకా లేస్తుంది. అంటే 12 వోల్టుల అడాప్టరు చిప్‌కు కొన్ని మైక్రోసెకన్ల పాటు 20 నుంచి 24 వోల్టులు చూపించగలదు. టీపీఎస్62130 లాంటి చిప్ 17 వోల్టుల వరకు పనిచేస్తుంది, దాని సంపూర్ణ గరిష్ఠ పరిమితి 20 వోల్టులు. స్థిరమైన 12 వోల్టుల సరఫరాకు అది చక్కని చిప్. తీగ ఊడదీసి గుచ్చే పరికరంలో రక్షణ లేకుండా పెడితే మాత్రం ఒక్కో బోర్డు ఒక్కో రోజు పోతుంది, కారణం వెతకడం కష్టమవుతుంది.

దీనికి మార్గాలు రెండు. 28 నుంచి 36 వోల్టులు తట్టుకునే చిప్ తీసుకోవడం ఒకటి. సిరామిక్ కెపాసిటరుకు సమాంతరంగా ఎలక్ట్రోలిటిక్ పెట్టి ఊపును అణచడం రెండోది. ఎలక్ట్రోలిటిక్‌కు ఉండే అంతర్గత నిరోధమే ఇక్కడ మేలు చేస్తుంది. 1 మైక్రోహెన్రీ తీగకు, 10 మైక్రోఫారడ్ సిరామిక్‌కు ఆ నిరోధం సుమారు 0.3 ఓమ్ ఉంటే ఊపు బాగా చల్లారుతుంది. కెపాసిటెన్సు మాత్రం సిరామిక్‌కు నాలుగైదు రెట్లు ఉండాలి, అంటే 47 మైక్రోఫారడ్. మామూలు చిన్న ఎలక్ట్రోలిటిక్‌ల నిరోధం సరిగ్గా ఈ స్థాయిలోనే ఉంటుంది కాబట్టి ఖరీదైన తక్కువ నిరోధపు రకం కొంటే పని చెడుతుంది. ఎత్తు సరిపోని పెట్టెలో దాని బదులు టీవీఎస్ డయోడు (వోల్టేజి మితిమీరితే పట్టి ఆపేది) పెట్టవచ్చు. అయితే దాని క్లాంప్ వోల్టేజి చిప్ గరిష్ఠం కన్నా తక్కువ ఉందో లేదో చూడాలి. 12 వోల్టులకు వాడే టీవీఎస్ డయోడ్లు పూర్తి కరెంటు దగ్గర 20 వోల్టుల సమీపంలో పట్టుకుంటాయి, కాబట్టి 20 వోల్టుల చిప్‌కు అవి చాలవు.

వాహనంలో పెట్టే పరికరమైతే లెక్క పూర్తిగా వేరు. ఆల్టర్నేటరు నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే వచ్చే లోడ్ డంప్, లోపల అణచివేత ఉన్న 12 వోల్టుల వాహనాల్లో కూడా 35 వోల్టుల దాకా వెళుతుందని ఐఎస్‌ఓ 16750-2 ప్రమాణం పరిగణిస్తుంది. అణచివేత లేని చోట 79 నుంచి 101 వోల్టులు. అందుకే వాహనాలకు 36 నుంచి 42 వోల్టుల చిప్, దాని ముందు టీవీఎస్, రివర్స్ పోలారిటీ రక్షణ కలిపి ఆలోచించాలి.

కింది అంచు బ్యాటరీ పరికరాల్లో ముఖ్యం. లిథియం అయాన్ సెల్ 4.2 వోల్టుల నుంచి 3.0కు దిగుతుంది, అవుట్‌పుట్ 3.3 కావాలి. బక్‌లో ఇండక్టరును ఇన్‌పుట్‌కు కలిపేది పై స్విచ్చి, గ్రౌండ్‌కు కలిపేది కింది స్విచ్చి; ప్రతి చక్రంలో పై స్విచ్చి మూసి ఉండే వంతే డ్యూటీ సైకిల్. ఇక్కడ అది 100 శాతానికి వెళ్లగల చిప్ కావాలి, అంటే పై స్విచ్చిని ఆపకుండా మూసి ఉంచగలిగేది. పై స్విచ్చి పీ-ఛానల్ మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టరు) అయితే ఇది తేలిక. ఎన్-ఛానల్ స్విచ్చిని నడపడానికి ఇన్‌పుట్ కన్నా ఎక్కువ వోల్టేజి అందించే బూట్ కెపాసిటరు అవసరం. అది మళ్లీ నిండాలంటే కింది స్విచ్చి అప్పుడప్పుడు మూసుకోవాలి. అందుకే ఆ రకం చిప్‌ల డ్యూటీ సాధారణంగా 100కు కొంచెం కిందే ఆగుతుంది. 100 శాతం దగ్గర మిగిలే నష్టం స్విచ్చి నిరోధం, ఇండక్టరు తీగ నిరోధం మాత్రమే. 100 మిల్లీఓమ్‌లు, 60 మిల్లీఓమ్‌లు అనుకుంటే 500 మిల్లీ ఆంపియర్ల దగ్గర 80 మిల్లీవోల్టులు. సెల్ 3.38 వోల్టులున్నంత వరకు 3.3 నిలబడుతుంది, ఆ తర్వాత అవుట్‌పుట్ సెల్‌తో పాటే మెల్లగా దిగుతుంది. లోడుగా ఉన్న మైక్రోకంట్రోలరు 3.0 వోల్టుల దాకా పనిచేసేదైతే ఈ దిగడం వల్ల నష్టం లేదు. గది ఉష్ణోగ్రతలో, తక్కువ కరెంటుతో వాడే లిథియం అయాన్ సెల్‌లో 3.4 కిందికి వచ్చేసరికి మిగిలే శక్తి కొద్దిగానే ఉంటుంది. దాని కోసం బక్-బూస్ట్ చిప్ (వోల్టేజిని దించడమే కాక పెంచగలిగేది కూడా) పెట్టి ఖర్చు, స్థలం పెంచుకోవడం చాలా పరికరాల్లో గిట్టుబాటు కాదు. చలిలో పనిచేసేవి, పాతబడిన సెల్ మీద పెద్ద కరెంటు లాగేవి మాత్రం మినహాయింపు: 0.2 ఓమ్ అంతర్గత నిరోధమున్న సెల్ అర ఆంపియరుకే 100 మిల్లీవోల్టులు కుంగుతుంది.

చాలామంది చూడని వరుస: కనిష్ఠ ఆన్-టైమ్

పై స్విచ్చి ఒకసారి మూసుకుంటే, అంటే ఆన్ అయితే, కొన్ని పదుల నానోసెకన్ల దాకా తెరుచుకోలేదు. లోపలి కరెంటు కొలత స్థిరపడటానికి ఆ మాత్రం సమయం పడుతుంది. డేటాషీట్లో ఇది కనిష్ఠ ఆన్-టైమ్ పేరుతో ఎలక్ట్రికల్ పట్టిక అడుగున ఎక్కడో ఉంటుంది. చిప్‌ను బట్టి 40 నుంచి 150 నానోసెకన్ల మధ్య ఉండటం మామూలు.

లెక్క సులువు. అవుట్‌పుట్‌ను ఇన్‌పుట్‌తో భాగిస్తే డ్యూటీ, దాన్ని ఫ్రీక్వెన్సీతో భాగిస్తే ఆన్-టైమ్. 12 నుంచి 3.3కు 1.1 మెగాహెర్ట్జ్ దగ్గర 250 నానోసెకన్లు, ఏ ఇబ్బందీ లేదు. 24 నుంచి 3.3కు 2.2 మెగాహెర్ట్జ్ దగ్గర 62 నానోసెకన్లు, చాలా చిప్‌లకు అది అంచు. 24 నుంచి 1.2కు 2 మెగాహెర్ట్జ్ అయితే 25 నానోసెకన్లు, దాదాపు ఏ మామూలు చిప్‌కూ సాధ్యం కాదు. పరిమితి దాటితే మంచి చిప్ ఫ్రీక్వెన్సీ తగ్గించుకుంటుంది, మరో రకం పల్స్‌లు దాటవేస్తుంది. వోల్టేజి సరిగానే కనిపిస్తుంది, దాని మీది అలలు (రిపుల్) మాత్రం రెండు మూడు రెట్లవుతాయి, రొద ఊహించని ఫ్రీక్వెన్సీల్లో పుడుతుంది. రేడియో ఉన్న బోర్డులో దీన్ని యాంటెన్నా సమస్య అనుకుని రోజులు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. పట్టికలో విలక్షణ విలువ కాకుండా గరిష్ఠ విలువనే లెక్కకు తీసుకోవాలి. 24 వోల్టుల నుంచి 1.2 వోల్టులు కావలసినప్పుడు మధ్యలో 5 వోల్టుల మెట్టు పెట్టి, అక్కడి నుంచి తక్కువ వోల్టేజి చిప్‌తో దించడమే మేలు. రెండు చిప్‌లైనా రెండో ఇండక్టరు చాలా చిన్నదవుతుంది.

ఫ్రీక్వెన్సీ, ఇండక్టరు

బోర్డు మీద స్థలం తినేది చిప్ కాదు, ఇండక్టరు. రిపుల్ కరెంటును గరిష్ఠ లోడులో 30 శాతంగా పెట్టుకోవడం ఆనవాయితీ. 2 ఆంపియర్లకు 0.6 ఆంపియరు. కావలసిన ఇండక్టెన్స్ రావాలంటే అవుట్‌పుట్ వోల్టేజిని, ఒకటి నుంచి డ్యూటీ తీసేసిన విలువతో గుణించి, ఫ్రీక్వెన్సీ, రిపుల్ కరెంటుల లబ్ధంతో భాగించాలి. మన ఉదాహరణలో డ్యూటీ 0.275. 150 కిలోహెర్ట్జ్ దగ్గర 27 మైక్రోహెన్రీలు వస్తుంది. 500 కిలోహెర్ట్జ్ దగ్గర 8, 1.1 మెగాహెర్ట్జ్ దగ్గర 3.6, 2 మెగాహెర్ట్జ్ దగ్గర 2.

ఎల్‌ఎం2596 ఇంకా లక్షల మాడ్యూళ్ల మీద కనిపిస్తుంది. అది 150 కిలోహెర్ట్జ్‌లో నడిచే 40 వోల్టుల, 3 ఆంపియర్ల చిప్. గట్టిది, చేత్తో సోల్డరు చేయడం సులువు. కానీ దానికి 33 మైక్రోహెన్రీల ఇండక్టరు, బయట షాట్కీ డయోడు, పెద్ద ఎలక్ట్రోలిటిక్‌లు కావాలి. పైగా లోపలి స్విచ్చి బైపోలార్ కాబట్టి 3 ఆంపియర్ల దగ్గర దాని మీదే ఒక వోల్టు పైన పోతుంది. ఇరుకు పరికరానికి అది సరిపోదు. మార్కెట్లో అదే పేరు ముద్రించిన నకిలీలు కూడా ఉన్నాయి. వాటిలో కొన్ని దాదాపు 50 కిలోహెర్ట్జ్‌లోనే నడుస్తాయి. ఆసిలోస్కోపుతో స్విచ్ నోడ్ (స్విచ్చి, ఇండక్టరు కలిసే చోటు) చూస్తే ఈ విషయం వెంటనే బయటపడుతుంది.

అలాగని ఫ్రీక్వెన్సీని ఎంత పెంచితే అంత మంచిదనీ కాదు. స్విచ్చి తెరుచుకుని మూసుకునే ప్రతిసారీ కొంత శక్తి పోతుంది, ఆ నష్టం ఫ్రీక్వెన్సీతో సమానంగా పెరుగుతుంది. 5 వోల్టుల ఇన్‌పుట్‌కు 2 మెగాహెర్ట్జ్ పైన హాయిగా నడపవచ్చు. 12 వోల్టులకు 1 మెగాహెర్ట్జ్ పరిసరాలు, 24 పైన 400 నుంచి 700 కిలోహెర్ట్జ్ సమంజసం. మీడియం వేవ్ రేడియో దగ్గరుంటే 530 నుంచి 1710 కిలోహెర్ట్జ్ పట్టీని తప్పించాలి. వాహనాల చిప్‌లు 400 కిలోహెర్ట్జ్ దగ్గరో 2.1 మెగాహెర్ట్జ్ దగ్గరో కనిపించడానికి కారణం అదే.

ఇండక్టరు డేటాషీట్లో రెండు కరెంట్లుంటాయి. ఒకటి వేడి వల్ల వచ్చే పరిమితి, రెండోది కోర్ సంతృప్తమై ఇండక్టెన్స్ 20 లేదా 30 శాతం పడిపోయే కరెంటు. 2 ఆంపియర్ల లోడుకు శిఖర కరెంటు 2.3 ఆంపియర్లే కాబట్టి 2.5 ఆంపియర్ల ఇండక్టరు చాలనిపిస్తుంది. కానీ అవుట్‌పుట్ షార్టయినా, పెద్ద కెపాసిటర్లు నిండుతున్నా కరెంటు చిప్ పరిమితి దాకా వెళుతుంది, అది 3 లేదా 4 ఆంపియర్లు కావచ్చు. ఫెర్రైట్ కోర్ సంతృప్తమైతే ఇండక్టెన్స్ ఒక్కసారిగా కూలిపోయి, చిప్ స్పందించేలోగా కరెంటు దూసుకుపోతుంది. లోహపు పొడితో అచ్చు పోసిన కోర్ మెల్లగా కుంగుతుంది. చిన్న బోర్డుకు ఈ రెండో రకమే సురక్షితం. ఫెర్రైట్ వాడితే సంతృప్త కరెంటు చిప్ పరిమితి గరిష్ఠ విలువ కన్నా ఎక్కువ ఉండాలి.

వేడి: రెండు ఆంపియర్ల చిప్ ఎన్ని ఆంపియర్లు ఇస్తుంది

పై స్విచ్చి 120, కింది స్విచ్చి 60, ఇండక్టరు 40 మిల్లీఓమ్‌లు; ఫ్రీక్వెన్సీ 1.1 మెగాహెర్ట్జ్, స్విచ్చి మారే సమయాలు కలిపి 10 నానోసెకన్లు. 12 నుంచి 3.3కు 2 ఆంపియర్ల దగ్గర పై స్విచ్చిలో 0.13 వాట్లు, కింది స్విచ్చిలో 0.17, మార్పు నష్టం 0.13, ఇండక్టరులో 0.16. మొత్తం దాదాపు 0.6 వాట్లు, 6.6 వాట్ల అవుట్‌పుట్‌కు సామర్థ్యం 92 శాతం దరిదాపుల్లో. కింది స్విచ్చి బదులు 0.45 వోల్టుల షాట్కీ డయోడుంటే ఆ ఒక్కదానిలోనే 0.65 వాట్లు పోయేవి. అవుట్‌పుట్ వోల్టేజి ఇన్‌పుట్ కన్నా బాగా తక్కువైనప్పుడు కరెంటు ఎక్కువసేపు కింది వైపే పారుతుంది. అందుకే 3.3, 1.8 లాంటి అవుట్‌పుట్‌లకు రెండు స్విచ్చులూ లోపలే ఉన్న సింక్రోనస్ చిప్ తప్ప వేరే ఆలోచన అక్కర్లేదు.

ఇక చిప్‌లో పుట్టే 0.44 వాట్లు. ఆరు కాళ్ల ఎస్‌ఓటీ23 ప్యాకేజీకి పరీక్ష బోర్డు మీద వాటుకు సుమారు 100 డిగ్రీలు వేసుకుంటే 44 డిగ్రీల పెరుగుదల. మూసిన ప్లాస్టిక్ పెట్టెలో గాలి 60 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు, అప్పుడు చిప్ లోపల 104. ఇంతవరకు బాగానే ఉంది. కానీ డేటాషీటులోని ఆ 100 డిగ్రీల అంకె వెడల్పాటి, రాగి నిండిన బోర్డు మీద కొలిచినది. 25 మిల్లీమీటర్ల చదరపు బోర్డు మీద అది ఒకటిన్నర రెట్లు కావచ్చు. వేడెక్కిన మాస్‌ఫెట్ నిరోధం కూడా 30 నుంచి 40 శాతం పెరుగుతుంది. రెండూ కలిపితే 125 డిగ్రీల పరిమితి దాటిపోతుంది. ఎస్‌ఓటీ23లో వచ్చే 2 ఆంపియర్ల చిప్‌ను ఇరుకు పెట్టెలో 1.2 నుంచి 1.4 ఆంపియర్ల నిరంతర లోడుకే లెక్కలోకి తీసుకోవడం మంచిది. క్షణికమైన 2 ఆంపియర్లు ఫర్వాలేదు. నిరంతరం 2 కావాలంటే అడుగున లోహపు ప్యాడ్ ఉన్న క్యూఎఫ్‌ఎన్ తీసుకుని, ఆ ప్యాడ్ కింద 0.3 మిల్లీమీటర్ల వయాలు (బోర్డు పొరలను కలిపే రాగి రంధ్రాలు) ఐదారు వేసి గ్రౌండ్ పొరకు కలపాలి.

నిద్రపోయే పరికరాల లెక్క

బ్యాటరీ సెన్సరు పది నిమిషాలకు ఒకసారి సెకను పాటు లేచి 100 మిల్లీ ఆంపియర్లు లాగి, మిగతా సమయం 10 మైక్రో ఆంపియర్లతో పడుకుంటుందనుకుందాం. సగటు లోడు 177 మైక్రో ఆంపియర్లు. ఎప్పుడూ ఒకే ఫ్రీక్వెన్సీలో స్విచ్ చేసే చిప్ లోడు లేకపోయినా 5 మిల్లీ ఆంపియర్లు లాగవచ్చు. వోల్టేజి నిష్పత్తిని పక్కనపెట్టి చూసినా 1000 మిల్లీ ఆంపియర్-అవర్ సెల్ ఎనిమిది రోజులకు ఖాళీ. 20 మైక్రో ఆంపియర్లతో సరిపెట్టుకుని, తక్కువ లోడులో పల్స్‌లు అరుదుగా ఇచ్చే చిప్‌తో అదే సెల్ ఏడు నెలలు నడుస్తుంది. గరిష్ఠ సామర్థ్యం 95 శాతమా 88 శాతమా అన్న చర్చకు ఇక్కడ విలువే లేదు.

ఈ తరగతిలో టీపీఎస్62740 పేరున్న చిప్: 2.2 నుంచి 5.5 వోల్టుల ఇన్‌పుట్, 300 మిల్లీ ఆంపియర్లు, నిశ్చల కరెంటు (చిప్ తన కోసం వాడుకునేది) 360 నానో ఆంపియర్లు. అయితే డేటాషీటులోని నిశ్చల కరెంటు చాలాసార్లు స్విచ్చులు కదలని స్థితిలో కొలిచినది. నిజంగా లోడు లేనప్పుడు ఇన్‌పుట్ నుంచి ఎంత పోతుందో చూపే గ్రాఫ్ ఉంటే దాన్నే నమ్మాలి.

అవుట్‌పుట్ నిర్ణయించే రెండు రెసిస్టర్లను ఈ లెక్కలో మరిచిపోతుంటారు. అవుట్‌పుట్‌ను పోల్చుకోవడానికి చిప్ లోపల ఉండే రిఫరెన్సు 0.8 వోల్టులైతే 3.3 కోసం 31.6 కిలోఓమ్‌లు, 10 కిలోఓమ్‌లు పెడతారు. వాటి గుండా నిరంతరం 79 మైక్రో ఆంపియర్లు పారుతాయి. నానో ఆంపియర్ల చిప్ కొని దాని పక్కన ఈ జంట పెడితే 500 మిల్లీ ఆంపియర్-అవర్ సెల్‌ను అవొక్కటే తొమ్మిది నెలల లోపే తాగేస్తాయి. పది రెట్లు పెంచి 316, 100 కిలోఓమ్‌లు వాడితే 8 మైక్రో ఆంపియర్లకు దిగుతుంది, కానీ ఆ రెసిస్టర్ల మధ్య బిందువు కలిసే ఫీడ్‌బ్యాక్ కాలు 100 నానో ఆంపియర్లు లీకైతే ఒక శాతం వోల్టేజి తప్పు వస్తుంది, పక్క తీగల రొద కూడా సులువుగా అంటుకుంటుంది. 3.3, 1.8, 5 లాంటి మామూలు వోల్టేజీలకు స్థిర అవుట్‌పుట్ రకం దొరికితే అదే తీసుకోవాలి. ఏపీ63203 ఇందుకు మంచి ఉదాహరణ: 3.8 నుంచి 32 వోల్టుల ఇన్‌పుట్, 2 ఆంపియర్లు, 1.1 మెగాహెర్ట్జ్, 22 మైక్రో ఆంపియర్ల నిశ్చల కరెంటు, లోపలే బిగించిన 3.3 వోల్టులు. 5 వోల్టులకు దాని జోడీ ఏపీ63205.

తక్కువ లోడు మోడ్‌కు రెండు చెడు గుణాలున్నాయి. రిపుల్ పదుల మిల్లీవోల్టులకు పెరుగుతుంది. దాని ఫ్రీక్వెన్సీ కిలోహెర్ట్జ్‌లకు దిగితే సిరామిక్ కెపాసిటరు సన్నగా కూస్తుంది, నిశ్శబ్ద గదిలో అది వినబడుతుంది. సున్నితమైన అనలాగ్ కొలతలు చేసే పరికరంలో మోడ్ కాలు బయటికి ఉన్న చిప్ ఎంచుకుని, కొలత సమయంలో స్థిర ఫ్రీక్వెన్సీకి, నిద్రలో పొదుపు మోడ్‌కు మార్చుకోవడం సరైన పరిష్కారం.

కెపాసిటర్లు, రేడియో లోడు

వై-ఫై చిప్ ప్రసారం మొదలుపెట్టిన క్షణంలో కరెంటు కొన్ని పదుల నుంచి కొన్ని వందల మిల్లీ ఆంపియర్లకు ఎగురుతుంది. ఈఎస్‌పీ32కు సరఫరా కనీసం 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వగలగాలని దాని తయారీదారు చెప్పేది ఈ ఎగుడుదిగుడుల కోసమే. బక్ స్పందించేలోగా లోటును అవుట్‌పుట్ కెపాసిటరే పూడ్చాలి. ఇక్కడ 22 మైక్రోఫారడ్ అని కొన్న సిరామిక్ 22 కాదని గుర్తుంచుకోవాలి. ఎక్స్‌5ఆర్, ఎక్స్‌7ఆర్ రకాలు డీసీ వోల్టేజి కింద కెపాసిటెన్సు కోల్పోతాయి. చిన్న 0402 సైజులో 6.3 వోల్టుల 10 మైక్రోఫారడ్, 5 వోల్టుల కింద సగం కన్నా తక్కువకు పడిపోవచ్చు. అదే విలువను 0805 సైజులో, 10 లేదా 16 వోల్టుల రకంలో కొంటే నష్టం బాగా తగ్గుతుంది. వై5వీ రకం బక్ దగ్గరికే రానీయకూడదు. లోపలే కాంపెన్సేషన్ (అవుట్‌పుట్ ఊగకుండా చేసే సర్దుబాటు) ఉన్న చిప్‌లు ఒక పరిధిలోని కెపాసిటెన్సుకే స్థిరంగా ఉంటాయి. తక్కువైతే ఊగుతాయి, మరీ ఎక్కువైతే కొన్ని స్టార్టు కాకుండా కరెంటు పరిమితిలో చిక్కుకుంటాయి. ఆ పరిధిని నిజంగా మిగిలే కెపాసిటెన్సుతో పోల్చాలి, పెట్టె మీద అచ్చేసిన అంకెతో కాదు.

కాళ్ల అమరిక కూడా ఎంపికలో భాగమే

బక్‌లో అతి వేగంగా మారే కరెంటు ఇన్‌పుట్ కెపాసిటరు, పై స్విచ్చి, కింది స్విచ్చి, గ్రౌండ్ కలిసిన వలయంలో తిరుగుతుంది. రొద పుట్టేది అక్కడే. ఇన్‌పుట్, గ్రౌండ్ కాళ్లు పక్కపక్కనే ఉన్న చిప్‌లో కెపాసిటరును వయా లేకుండా రెండు కాళ్ల మీదే ఆనించి పెట్టవచ్చు. ఆ రెండు కాళ్లు ఎదురెదురు మూలల్లో ఉన్న చిప్ ఎంత మంచిదైనా రెండు పొరల బోర్డులో తలనొప్పి తెస్తుంది. స్విచ్ నోడ్ రాగి ఇండక్టరు ప్యాడ్ దాకా మాత్రమే ఉండాలి. ఫీడ్‌బ్యాక్ తీగ దానికి దూరంగా, అవుట్‌పుట్ కెపాసిటరు దగ్గరి నుంచి బయలుదేరాలి.

ప్యాకేజీ విషయంలో అసెంబ్లీ ఎక్కడ జరుగుతుందన్నదే ప్రశ్న. ఎస్‌ఓటీ23 చేత్తోనైనా అతుకుతుంది. 1.6 మిల్లీమీటర్ల చదరపు ఎస్‌ఓటీ563 యంత్రంతో తేలిక, చేత్తో కష్టం. 0.4 మిల్లీమీటర్ల దూరంలో గుండ్లున్న చిప్-స్కేల్ ప్యాకేజీకి బోర్డు తయారీ ఖర్చే పెరుగుతుంది. ఇండక్టరు లోపలే ఉన్న మాడ్యూళ్లు మరో దారి. 2.8 × 3 మిల్లీమీటర్ల టీపీఎస్82085 6 వోల్టుల వరకు ఇన్‌పుట్‌తో 3 ఆంపియర్లు ఇస్తుంది. కొద్ది సంఖ్యలో చేసే పరికరానికి డిజైన్ సమయం ఆదా అవుతుంది, వేల సంఖ్యకు ధర బరువవుతుంది. ఎస్‌ఓటీ23లో కాళ్ల అమరిక అన్ని కంపెనీలకూ ఒకటి కాదు. 2021 చిప్‌ల కొరతలో ఒకే కంపెనీ చిప్ మీద ఆధారపడ్డ బోర్డులను మళ్లీ గీయాల్సి వచ్చింది. అదే అమరికతో, అదే రిఫరెన్సు వోల్టేజితో రెండో కంపెనీ చిప్ ఉన్న కుటుంబాన్ని ఎంచుకుంటే ఆ ఇబ్బంది తప్పుతుంది. రిఫరెన్సు 0.6, 0.8గా వేరైతే రెసిస్టర్లు మార్చాలి, బోర్డు మార్చనక్కర్లేదు.

చిప్‌ను ఆన్, ఆఫ్ చేసే ఎనేబుల్ కాలు కూడా చూడాలి. బక్ స్థిరమైన పవర్ లాగుతుంది కాబట్టి ఇన్‌పుట్ తగ్గే కొద్దీ ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. సౌర ఫలకం, పొడవైన సన్నని తీగ, అరిగిపోయిన బ్యాటరీ లాంటి బలహీన మూలాల మీద ఇది చిక్కు తెస్తుంది: చిప్ లేస్తుంది, ఇన్‌పుట్ కుంగుతుంది, చిప్ పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. ఎనేబుల్ కాలికి కచ్చితమైన ట్రిగ్గర్ వోల్టేజి ఉన్న చిప్ అయితే రెండు రెసిస్టర్లతో 'ఇన్‌పుట్ ఇంత దాటాకే మొదలుపెట్టు' అని నియమం పెట్టవచ్చు. కొన్ని చిప్‌ల ఎనేబుల్ కాలు 5.5 వోల్టులే తట్టుకుంటుంది. దాన్ని నేరుగా 12 వోల్టులకు కలిపితే మొదటిసారి ప్లగ్గు పెట్టినప్పుడే చిప్ పోతుంది.

బోర్డు ఖరారు చేసే ముందు

పది బోర్డులైనా చేసి కొలవాలి. ఆసిలోస్కోపు ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ తీగ తీసేసి, మొన దగ్గరి స్ప్రింగు గ్రౌండ్‌తో అవుట్‌పుట్ కెపాసిటరు మీదే రిపుల్ చూడాలి. పొడవు తీగతో కనిపించే ముళ్లలో చాలా భాగం ఆ తీగ పట్టుకున్నదే. స్విచ్ నోడ్ మీద ఎగిసే శిఖరం చిప్ సంపూర్ణ గరిష్ఠానికి దగ్గరగా వస్తే ముందు ఇన్‌పుట్ కెపాసిటరును దగ్గరికి జరపాలి, అప్పటికీ తగ్గకపోతేనే బూట్ కెపాసిటరుకు శ్రేణిలో కొన్ని ఓమ్‌ల రెసిస్టరు కానీ స్నబ్బరు (ఊపును అణచే రెసిస్టరు, కెపాసిటరు జంట) కానీ ఆలోచించాలి. లోడును 10 శాతం నుంచి 90 శాతానికి ఒక్కసారిగా మార్చి అవుట్‌పుట్ ఎన్నిసార్లు ఊగుతుందో చూడాలి. ఒకటి రెండు ఊపులు ఫర్వాలేదు, ఆగకుండా మోగుతుంటే కెపాసిటెన్సు సరిపోలేదని అర్థం. నిద్ర కరెంటు కొలిచేటప్పుడు మల్టీమీటరు తక్కువ రేంజిలో తానే కొంత వోల్టేజి మింగుతుంది, లోడు లేచిన క్షణంలో చిప్ పడిపోతే తప్పు మీటరుది కావచ్చు. ఇన్‌పుట్‌కు సమాంతరంగా పెద్ద కెపాసిటరు పెట్టి సగటు కొలిస్తే నిజం తెలుస్తుంది. అవుట్‌పుట్‌ను షార్టు చేసి నిమిషం ఉంచి తీయాలి, చిప్ తనంతట తాను లేవాలి. ఆఖరున అసలు పెట్టెను మూసి, 60 డిగ్రీల ఓవెన్‌లో, అత్యధిక ఇన్‌పుట్‌తో, పూర్తి లోడుతో గంట నడిపి, చిప్ పైభాగానికి అంటించిన థర్మోకపుల్ ఎంత చూపిస్తుందో రాసుకోవాలి. అది 105 డిగ్రీల లోపు ఉంటే ఆ చిప్‌తో ముందుకెళ్లవచ్చు, దాటితే పెద్ద ప్యాకేజీకో తక్కువ ఫ్రీక్వెన్సీకో మారాలి.